చారెడు తల్లిమట్టి

ఇల్డా బెటన్‌కోర్ట్ ముప్ఫైయొక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది. ఒక్కరోజూ ఆలస్యం చెయ్యలేదని ఊళ్ళో అంటారు గానీ అది అబద్ధం. పొగమంచు కమ్మిన జనవరి రోజుల్లో గంటేసి ఆలస్యమయ్యేది. పిల్లలు మాత్రం హాలీ రోడ్డు మలుపులో, ఓక్ చెట్టు కిందే కదలకుండా నిలబడి ఉండేవాళ్ళు. ముందు చెట్టు నల్లగా తేలేది. ఆ తర్వాత దాని మొదట్లో ఎర్రకోటు, పచ్చకోటు, నీలంకోటు. తలలు లెక్కపెట్టుకున్నాక గానీ ఆమె మనసు కుదుటపడేది కాదు.

ఆ చెట్టు కింద తనూ నిలబడింది. తొమ్మిదేళ్ళ వయసులో తల్లిదండ్రుల వెంట పోర్చుగల్‌కి చెందిన అసోర్ దీవుల నుంచి కాలిఫోర్నియా వచ్చింది. తండ్రి ఇక్కడ ఆవుల దగ్గర పాలు పిండే పనికి కుదిరాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తక్కిన పిల్లలు ఆమె చెవిపోగులు చూసి నవ్వుతుంటే, బెరడు పగుళ్ళలో వేలు పెట్టి గీసుకుంటూ ఏడుపు దిగమింగుకుంది. పెద్దయ్యాక ఆ బస్సుకే డ్రైవరయింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టలేదు, భర్త మనుయెల్ గుండెపోటుతో పోయాడు. తర్వాత బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. ఆ దారిన బస్సు నిలిచిపోయింది. ఇల్డా జీవితంలో మొదటి నుంచీ ఉన్నవాటిలో చెట్టొక్కటే మిగిలింది.

అప్పుడే ఆమె నర్సరీకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆప్రికాట్ పళ్ళు పెట్టెలకెత్తిన షెడ్డు వెనక, ఊరివాళ్ళు జీతం భత్యం లేకుండా నడుపుకునే నర్సరీ అది. ఆ లోయలో పుట్టిన ఓక్ చెట్ల గింజలే ఏరుకొచ్చి, నీళ్ళలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి పొడుగాటి కుండీల్లో పెడతారు. ఏడాది తిరిగాక, వానలు పడ్డాక, వాగు గట్ల మీదా రోడ్ల వెంటా నాటుతారు. దాన్ని నడిపేది కొలీన్ యోస్ట్. యాభై దాటిన మనిషి. ఆమె కూడా ఒకప్పుడు ఆ మలుపులో బస్సెక్కిన పిల్లే. రెండో తరగతిలో ఇల్డా ఒళ్ళోనే వాంతి చేసుకుంది. అందుకే పెద్దయ్యాక కూడా ఇల్డాను ఉత్త పేరు పెట్టి పిలవలేకపోయేది, మిస్ ఇల్డా అనే అనేది.

నర్సరీలో పట్టింపులు ఎక్కువ. గేటు దగ్గర బూట్ల అడుగులు కడుక్కోవాలి. కుండీ నేల మీద పెట్టకూడదు, బల్ల మీదే ఉండాలి. నీళ్ళ గొట్టం మూతి నేలకు తగలకూడదు, కొక్కేనికి తగిలించాలి. వాడిన కుండీలు బ్లీచింగ్ నీళ్ళలో నానాలి. అన్నిటికన్నా ముఖ్యం, బయటి మట్టి చిటికెడు కూడా లోపలికి రాకూడదు. వేరుకుళ్ళు తెగులు కంటికి కనబడదు, మట్టిలోనే దాక్కుని వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇవన్నీ నూరిపోసేది ఇల్డాయే. బస్సులో పిల్లలకు చెప్పినట్టే, వేలు చూపించి చెప్పేది.

ఒక అక్టోబరులో మలుపు దగ్గర చెట్టు విరగకాసింది. ఇల్డా మోకాళ్ళ మీద కూర్చుని బకెట్టెడు గింజలు ఏరింది. నీళ్ళలో వేస్తే సగానికి పైగా తేలిపోయాయి. మునిగినవాటిలో గట్టివి నలభై ఎంచి నలభై కుండీల్లో పెట్టింది. జనవరిలో గాలివాన వచ్చి ఆ చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. మరునాడు ఇల్డా కారు ఆపి అద్దం దించి చూసింది గానీ దిగలేదు. ఇక ఆ చెట్టు తాలూకు అంటూ లోకంలో ఉన్నది ఆ నలభై కుండీలే. రోడ్లు చూసుకునేవాళ్ళు వచ్చే నవంబరులో వాటిని ఆ మలుపులోనే నాటించడానికి ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి చివర మొలకలు పైకొచ్చాయి. ఎర్రటి లేతాకులు, అగ్గిపుల్లంత కాండాలు.

"ఏం డ్రైవరమ్మా, హాజరు తీసుకున్నావా?" అనేవాడు డ్వేన్ హాస్కిన్స్. పైపుల పని చేసి రిటైరైన ముసలాయన, నోరు ఊరుకోదు.

"నలభైకి ముప్ఫైతొమ్మిది. ఒకడింకా నిద్రలేవలేదు."

"నా పేరే వాడికి పెట్టు. లేటుగా లేస్తాడు గానీ లేస్తే ఇంకెవర్నీ నిద్రపోనివ్వడు."

ఆ నలభయ్యోది కూడా లేచింది. ఇల్డా ఆ రోజు ఇంట్లో తీపి రొట్టె చేసి తెచ్చి అందరికీ పంచింది.

మార్చి రెండోవారంలో బేరికాయల పరీక్ష పెట్టారు. ఒక్కో బల్ల మీది కుండీల్లోంచి కారిన నీళ్ళు ఒక్కో తొట్టెలో పట్టి, ఒక్కో పచ్చి బేరికాయ తేలేస్తారు. నీళ్ళలో తెగులుంటే ఐదారు రోజుల్లో కాయ చెబుతుంది. మంగళవారం పొద్దున్నే కొలీన్ ఒక్కొక్క కాయా తీసి తుడిచి చూసింది. ఐదు బల్లల కాయలు నిగనిగలాడుతున్నాయి. ఆరోది ఇల్డా బల్లది. నీళ్ళు తగిలినంత మేరా బొటనవేలి ముద్రల్లాంటి గోధుమరంగు మచ్చలు.

"ఎవ్వరూ ఆ బల్ల ముట్టుకోకండి," అంది కొలీన్.

"కాయ మాగి ఉంటుందిలే," అన్నాడు డ్వేన్.

"మాగితే మెత్తబడాలిగా. నొక్కి చూడు. రాయిలా ఉంది."

డ్వేన్ నొక్కి చూశాడు. కాయను తిరిగి తొట్టెలో పెట్టేశాడు.

అప్పుడు నోరీన్ వంక చూశారంతా. భర్త పోయాక ఇంట్లో ఉండలేక రెండు నెలలుగా వస్తోంది. గట్టిగా మాట్లాడటం కూడా రాదు. కిందటి వారం నీళ్ళు పెడుతూ గొట్టం చేజార్చింది. మూతి మట్టిలో పడింది. డ్వేన్ అందరి ముందూ కేకలేశాడు. ఆమె అప్పుడు నీళ్ళు పెడుతున్నది ఆ బల్లకే.

"నా వల్లే," అంది నోరీన్. ఆ మాట పక్కనున్నవాళ్ళకు కూడా సరిగా వినబడలేదు.

ఇల్డా చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళిపోయింది.

ఒంట్లో బాగానే ఉంది. గింజలు పెట్టిన రోజు, తక్కినవాళ్ళు కాఫీకి వెళ్ళినప్పుడు, తన సంచీలోంచి గుడ్డమూట తీసి ప్రతి కుండీలోనూ చారెడు చొప్పున మట్టి వేసింది ఇల్డా. చెట్టు మొదట్లోంచి తెచ్చిన మట్టి. ఆమె తల్లి దీవి విడిచి వచ్చేటప్పుడు అంతే చేసింది. పెరటిమట్టి గుడ్డలో కట్టి ఓడెక్కించి, ఇక్కడ వేసిన మొదటి క్యాబేజీ మడిలో కలిపింది. తల్లిమట్టి తగలకపోతే మొక్క అలుగుతుంది, నేలతో మాట్లాడదు అనేది. ఆ ఇంట్లో ఎవరు ఏ మొక్క పెట్టినా అంతే. ఇల్డాకు అది తప్పులా అనిపించనే లేదు. రహస్యంగా మాత్రం చేసింది. ఎందుకు రహస్యంగా చేశానన్నది ఆ వారమంతా ఆమెను పీడించింది.

గొట్టం కూడా కింద పడిందిగా, దానివల్లే కావచ్చు అనుకుంది. అనుకుని, పొయ్యి మీద సూపు మాడబెట్టింది. తను ఊరుకుంటే సరిపోతుంది. నోరీన్‌ను ఎవరూ ఉరితియ్యరు.

మళ్ళీ మంగళవారం పరీక్ష కేంద్రం నుంచి కాగితం వచ్చింది. వేరుకుళ్ళే. ఆ బల్ల మీది మొక్కలన్నీ తీసెయ్యాలి. ఇల్డా గేటు దగ్గర బూట్లు కడుక్కుంటుంటే నోరీన్ ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది.

"మిస్ ఇల్డా, మీ పిల్లల్ని చంపేశాను. మీ చెట్టు ఇంకొకటి లేదని తెలిసి కూడా జాగ్రత్తగా ఉండలేకపోయాను. ఇంట్లో ఆయనకీ అంతే, మందు టైముకి ఇవ్వలేకపోయాను. ఇక రాను. నన్ను తిట్టండి, పర్లేదు."

ఇల్డా ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్ళింది. కొలీన్ నల్ల సంచులు విప్పుతోంది.

"గొట్టం కాదు కొలీన్. నేను. ప్రతి కుండీలో చారెడు మట్టి వేశా. ఆ చెట్టు కిందది."

కొలీన్ సంచి కింద పెట్టింది. "ఎప్పుడు?"

"గింజలు పెట్టిన రోజే. మీరంతా కాఫీకెళ్ళారు."

"రూలు అందరికీ చెప్పేదే మీరు కదా మిస్ ఇల్డా!"

"బయటి మట్టి రాకూడదనేగా రూలు. వాళ్ళమ్మ మట్టి బయటిదనుకోలేదు."

కొలీన్‌కి కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియలేదు. చివరికి మెల్లగా అంది, "చెట్టు పడ్డాక నేను వెళ్ళి చూశాను. అంత మానుకి నా చెయ్యంత వేరు కూడా మిగల్లేదు. ఉన్నవీ నల్లబడి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. గాలికి పడిందని అందరూ అనుకుంటుంటే ఊరుకున్నా. మీకు చెప్పబుద్ధి కాలేదు."

"అంటే?"

"ఆ చెట్టుని చంపింది ఆ మట్టే, మిస్ ఇల్డా."

నోరీన్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇల్డా ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "ఈ అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పు," అంది అక్కడే ఉన్న డ్వేన్‌తో. "అందరి ముందూ అరిచావుగా."

డ్వేన్ టోపీ తీశాడు. "తప్పయిపోయింది నోరీన్," అన్నాడు.

కుండీలు తనే ఖాళీ చేస్తానంది ఇల్డా. ఎవరూ కాదనలేదు. ఒక్కొక్కటే తీసి సంచిలోకి వంచింది. మొక్క జానెడే ఉంది, వేరు కుండీ అడుగు దాకా దిగింది. కొన్ని వేళ్ళు తెల్లగానే ఉన్నాయి. కొన్నిటి చివర్లు నల్లబడ్డాయి. ముప్ఫై దాటాక డ్వేన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒకటి ఉంచుకో. నా కోటు కింద పెట్టి దాటించేస్తా. సిమెంటు గచ్చు మీద తొట్టెలో పెంచుకో, నేలకి తగలనివ్వకు. ఎవడికి నష్టం?"

ఇల్డా చేతిలో ఉన్న మొక్కకు నాలుగు ఆకులున్నాయి. నాలుగూ ఎర్రగా, నలగకుండా ఉన్నాయి. ఉంచుకోవాలనిపించింది. తన పెరటి గచ్చు మీద తొట్టె కనబడింది, పక్కన కుర్చీ కనబడింది.

"నేనున్నన్నాళ్ళూ తగలనివ్వను," అంది. "తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

"తర్వాత ఎవరో మంచిమనిషే వస్తాడు డ్వేన్. పాపం ముసలావిడ ఓక్ మొక్కని తొట్టెలో బిగించిందే అని, జాలిపడి తీసుకెళ్ళి వాగు గట్టున నాటుతాడు."

మొక్కను సంచిలో పెట్టింది. మిగిలిన ఏడు కూడా పెట్టింది. గాలి తీసి సంచి మూతి మెలిపెట్టి ముడి వేసింది. నోరీన్ వచ్చి ముడి మీద వేలు అదిమి పట్టుకుంది, రెండో ముడి పడేదాకా.

ఆ నవంబరులో మలుపులో వేరే చెట్టు పిల్లల్ని నాటారు. కొలీన్ ఫోను చేసింది, ఇంటికి వచ్చి కూడా పిలిచింది. ఇల్డా వెళ్ళలేదు. మంగళవారాలు నర్సరీకి వెళ్ళడం మాత్రం మానలేదు. అయితే ఆ తర్వాత ఆమె గింజ ముట్టుకోలేదు, మట్టి ముట్టుకోలేదు. కుండీలు కడిగే తొట్టె దగ్గర ఎత్తు స్టూలు వేసుకుని కూర్చునేది. అలా రెండు చలికాలాలు కడిగింది, మూడో చలికాలం చూడలేదు.

చివరి నెలల్లో కాలేజీ అమ్మాయి ఒకతె పనికొచ్చి, కడిగిన కుండీనే మళ్ళీ ముంచుతున్న ముసలామెను చూసి నవ్వింది. "ఇంతలా కడగాలా అండీ?"

"కడగాలమ్మా," అంది ఇల్డా, తల ఎత్తకుండా. "నేను నలభైమందిని చంపాను."

అమ్మాయి జోకనుకుని పకపకా నవ్వి, డ్వేన్ వైపు చూసింది. డ్వేన్ ఒక కుండీ తీసుకుని బ్రష్షుతో లోపల రుద్దడం మొదలుపెట్టాడు.