బందరు స్త్రీకి దొరికిన ఇంటిపేరు

మొన్న ఆదివారం స్కార్‌బరోలో మా డాక్టరు స్నేహితుడి సంతాపసభకు వెళితే, వేదిక మీద అతని ఫొటో పక్కన ఇంకొక పటానికి కూడా దండ వేసి, బొట్టు పెట్టి ఉంది. దగ్గరికి వెళ్లి చూశాను. ఎవరో తెలుసుకోవాలని మేమిద్దరం ఏళ్ల తరబడి తిరిగిన ఆమే. కింద అతని ఇంటిపేరుతో ఆమెకొక పేరు రాశారు.

ఇక్కడి బస్సుల నిండా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే కనిపించడం మొదలైన రోజుల్లో, మా వీధిలో ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే ఆ బొమ్మ నాకు దొరికింది. అరచేతిలో ఇమిడే దంతపు రేకు మీద నీటిరంగులతో వేసిన ముఖం, ముక్కుపుడక, కళ్లలో కాస్త విసుగు. వెనక చిత్రకారుడు తన పేరూ, బందరు అనీ రాసుకున్నాడు గాని ఆమె పేరు రాయలేదు. మా ఆవిడ పోయి అప్పటికి ఏడాది కాలేదు; డాక్టరు రిచ్‌మండ్ హిల్ నుంచి కారులో వచ్చి నన్ను లైబ్రరీలకు తిప్పేవాడు. స్కాట్లాండ్‌లో పుట్టి, పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు, బందరు, రంగూన్ తిరిగి, చివరికి మాంట్రియల్‌లో పోయిన ఆ చిత్రకారుడి కోసం అక్కడిదాకా కూడా వెళ్లాం. దొరల ముఖాలే వేసిన అతను మన స్త్రీని వేసింది, మాకు తెలిసినంతలో, ఇదొక్కటే. ఆమె ఎవరో మాత్రం తేలలేదు. తేలేదాకా మన తరఫున ఏ పేరూ పెట్టకూడదని తిరిగి వస్తూ కారులో అనుకున్నాం. నా అపార్ట్‌మెంట్‌లో తేమ ఎక్కువని బొమ్మను అతని ఇంట్లోనే ఉంచాను.

సభలో టీ ఇస్తున్న వరంగల్ అమ్మాయి, ఇక్కడ కాలేజీలో చదువుతోందట, "అంకుల్, సార్ వాళ్ల తాతమ్మ అంట గదా, అచ్చం సార్ లెక్కనే ఉన్నది" అంది. ఆ పోలిక నాకెప్పుడూ కనపడలేదు. ఇంతలో డాక్టరు మనవరాలు వచ్చి, "షి హాజ్ మై నోస్, తాతా!" అని తన ముక్కు చూపించింది. చిన్నప్పటినుంచీ తాతయ్య ఆమె కథలే చెప్పేవాడట.

నిజం నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి, అవునమ్మా అన్నాను.

అన్నేళ్లూ నా పక్కన కూర్చుని పేజీలు తిరగేసి, ఇంటికి వెళ్లి ఆ కథ చెప్పాడన్నమాట. ఎందుకు చేశావని అడగడానికి మనిషి లేడు. ఒకప్పుడు ఈ ఊళ్లో తెలుగు మాట వినపడితే ఎవరా అని వెనక్కి తిరిగి చూసేవాళ్లం. మొన్న హాలు నిండా తెలుగే, అయినా ఆమె పేరు ఎవరికీ తెలియదన్న సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నా తర్వాత ఆమె ఎవరని ఎవరూ వెతకరు.