అద్దం మీద ఎర్ర నూలుపోగు

రేడియో అన్న పోయాడని మొన్న సోమవారం పొద్దున పంచాయతీ చప్రాసీ వచ్చి చెప్పాడు. మనిషి పోయాడన్న దుఃఖం కంటే ముందు, ఇవ్వాళ సాయంత్రం రేడియో ఎవరు పెడతారన్న భయం పుట్టింది నాకు. ఆ పాపం ముందే ఒప్పుకుంటున్నాను. నాకు వచ్చింది నాలుగు అక్షరాలే, అవీ ముసలితనంలో నేర్చినవి, తప్పులుంటే మన్నించండి.

ఆయన హుజూరాబాదులో మా పక్కింటాయన, మాలాగే నేతపని ఇల్లు. పంచాయతీ రేడియో ఆయన చేతిలో ఉండేది. పొద్దు గూకేముందు వచ్చి, భుజం మీది తువ్వాలతో పెట్టె తుడిచి, స్టేషను పట్టే చెవి తిప్పేవాడు. హైదరాబాదు స్టేషను పలికే చోట అద్దం మీద ఎర్ర నూలుపోగును గంజితో అతికించాడు. ముల్లు ఆ పోగు చేరేదాకా ఒకటే గరగర. అందులో నన్నెవరో పిలుస్తున్నట్టే ఉండేది.

మా ఇంటాయన బొంబాయి మిల్లుకు పోయాడు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. తప్పిపోయినవాళ్ల పేర్లు రేడియోలో చదువుతారని విని అన్నను బతిమాలాను. నిజాం కాలపు చదువు కదా, ఆయనకు ఉర్దూ రాతే వచ్చు. రాసి పంపాడు. ఎన్నాళ్లు చూసినా చదవలేదు. అప్పటికే స్టేషను ఢిల్లీవాళ్ల చేతికి పోయి, తెలుగు మాటలు ఎక్కువయ్యాయి.

"దుకాణం గదే చెల్లె, సేటు మారిండు. గీ సేటుకు నా ఉర్దూ సమజ్ అయితలేదేమో," అన్నాడు.

యాభై ఏళ్ల మనిషి మా బిడ్డ పలక తీసుకొని తెలుగు అక్షరాలు దిద్దాడు. వాడకట్టంతా నవ్వింది. మళ్లీ ఉత్తరానికి కూర్చున్నాడు.

"మీ ఆయన్ను అందరం పొట్టోడనే పిలిస్తిమి, మొదటి ఉత్తరంల గదే రాస్తి. మిల్లుల రాయించిన పేరేంది?"

"పెనిమిటి పేరు నేనెట్ల చెప్పుత అన్నా?"

ఒక్కో దేవుడి పేరే అడుగుతూ పోయాడు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను.

"దేవుండ్లందరు ఒడిసిపోతున్నరు చెల్లె. ఇగ రాక్షసుల పేర్లు అడుగాల్నా?"

నవ్వొచ్చింది. ఆ తర్వాతి పేరుకే అవునని తల ఊపాను.

నెల తిరిగాక ఒక సాయంత్రం ఆ పేరు చదివారు. ఆయన్ను ఎన్నడూ చూడని గొంతు, వాడకట్టంతా వినేలా పిలిచింది. కొంగు తలమీదికి లాక్కొని ఇంట్లోకి పోయాను. ఆనాటి నుంచి తలుపు గడియ పెట్టాలంటే భయం. ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆయన ఇల్లు ఆనవాలు పట్టడేమోనని గడప పక్కన పాత గోడ జానెడు అట్లాగే ఉంచాను. ఆ పోగు కదిలించవద్దని అన్నతో ఒట్టు వేయించుకున్నాను.

చాలా ఏళ్లకు బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన, ఆ మిల్లుల దగ్గర మన స్టేషను వినపడనే పడదన్నాడు. ఉరికినట్టే అన్న దగ్గరికి పోయాను.

ఆయన అద్దం తుడుస్తూ, "నాకు ఎర్కే చెల్లె," అన్నాడు.

"మరెందుకు రాసినవ్ అన్నా?"

"నువ్వు పలుకవైతివి. గా పేరు ఒక్కపారన్న ఎవరో ఒకరు పిలువాలె గద."

పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత పోయి ఎప్పటి చోటే కూర్చున్నాను. ఆయన రేడియో చెవి తిప్పాడు.

అన్న పోయిన మూడోనాడు పంచాయతీ గుమస్తా రేడియో పెట్టాడు. "గా హైదరాబాదు ఎవరింటరు పెద్దవ్వా? సిన్మా పాటలొచ్చేది పెడ్త," అంటూ గోటితో పోగు గీకేశాడు. అది ఊడి ఎటో పడింది. ముల్లు కదిలింది, గరగర మొదలైంది. ఆ చప్పుడు ఉన్నంతసేపట్లోనే, ఎవరికీ వినపడకుండా, నా నోటితో మొదటిసారి ఆ పేరు పలికాను.

పాట అందుకుంది. అద్దం మీద గంజి మరక మిగిలింది, పోగంత సన్నగా, తెల్లగా.