మా సారు వాన పుస్తకం

మా సైన్సు సారు పోయారని ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చేసరికి కామారెడ్డిలో మా వీధి మోకాలి లోతు నీళ్లలో ఉంది. ముసురు పట్టి మూడో రోజు. ఫోన్ చేసింది సారు భార్యే. "ఎనిమిదిన్నరకు డబ్బా చూసొస్తనని పోయిండు బిడ్డా. గింత వానల ఎందుకయ్యా అంటే ఇనకపాయె. పెరట్లనే పడిపోయిండు, మల్ల లేవలే" అంది.

డబ్బా అంటే వానను కొలిచే డబ్బా. మీద గరాటు, లోపల సీసా, కొలవడానికి గీతలున్న గాజు గొట్టం. సారు పనిచేసినన్నాళ్లు అది మా బడి వెనక ఉండేది. రిటైరయ్యాక తన పెరట్లో అలాంటిదే పెట్టుకున్నారు. రోజూ పొద్దున చూసి పుస్తకంలో రాయాల్సిందే. ఎర్రటి ఎండల్లో కూడా వెళ్లి చూసి, సున్నా రాసేవారు.

ఒకసారి క్లాసులో స్టీలు గ్లాసు నిండా ఐసు ముక్కలు పోసి బల్ల మీద పెట్టారు. కాసేపటికి గ్లాసుకు చెమట పట్టింది.

"గాలిల ఉన్న తడి సల్లబడితే గిట్ల బయటపడ్తది. మబ్బుల గూడ గిదే కథ. ఆడ గ్లాసు ఉండదు, దుమ్ము ఉంటది. దాన్ని పట్టుకొనే చినుకు పుడ్తది."

"మన దిక్కు మంచు పడదు గద సార్?" అన్నాను నేను.

"పిచ్చిదానా, శానా వానలు పైన మంచే. దారిల కరిగి మన దాంక వచ్చేసరికి వాన అయితది. మబ్బులనే తిరుక్కుంట, మీద మీద నీళ్లు గడ్డకట్టి పెరిగితే రాళ్లవాన."

ఆ రాళ్లు మేం తొమ్మిదిలో ఉండగా పడ్డాయి. సారు బిచ్కుందలో పెళ్లికి వెళ్తూ డబ్బా నాకు అప్పజెప్పారు. బడి వదిలే వేళకు రాళ్లవాన. గరాటు నిండా తెల్లగా రాళ్లు. నేనూ నా దోస్తూ ఏరుకొని కరకరా నమిలేశాం. రాళ్లు పడితే పిల్లలు తినక ఏం చేస్తారు? మర్నాడు సీసాలో ఉన్న కాసిని నీళ్లు కొలిచి రాసేశాను. కానీ రాళ్లు పడ్డ సాయంత్రం ఇంటికి పోయేసరికి బాపు పొలం గట్టు మీద కూలబడి ఉన్నాడు. కోతకొచ్చిన వరి, గింజ మిగలకుండా బురదలో రాలిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు బాపు మనిషి కాలేదు.

సారు రాగానే అడిగారు. "రాళ్లు కరిగినంక కొలిచినవా?"

"కొలిచిన సార్."

నా ముఖం వైపే చూశారు. "చూడకపోతే చూడలేదని రాయి బిడ్డా. రేపు ఎవరో ఒకరు ఈ పుస్తకం నమ్ముతరు. ఆళ్లను మోసం చేయొద్దు." రాళ్లు తిన్నామని నేను చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా చెప్పలేదు, సిగ్గులేనిదాన్ని.

ఫోన్ వచ్చిన మర్నాటికి, నీళ్లలో మునిగిన ఎల్లారెడ్డి రోడ్డు తెరిచారు, వెళ్లాను. వాన మాత్రం తెరిపియ్యలేదు. చితి కట్టెలు తడిసి అంటుకోలేదు. కిరోసిన్ పోసిన కొద్దీ పొగ తప్ప మంట లేదు. చినుకు కోసం బతుకంతా ఎదురుచూసిన మనిషిని నిమ్మళంగా కాలనియ్యని ఆ వాన మీద నాకు ఒళ్లు మండిపోయింది.

పదకొండో రోజున అమ్మ, అంటే సారు భార్య, ఆ పుస్తకాలన్నీ నా ముందు పెట్టింది. "ఆయన బతికిన దినాలల్ల ఆఖరిది, పోయిన దినం ఒక్కటే ఖాళీ ఉన్నది. సీసా చేతులకెల్లి పడి ఒలికిపాయె. టీవీల చెప్పిన అంకెనన్న ఏయి బిడ్డా. ఖాళీ ఉంటే ఆయన పానం ఒప్పది."

నేను ముందు పాత పుస్తకం వెతికాను. రాళ్లు పడ్డ రోజు దొరికింది. నా గుండ్రటి చేతిరాతలో అంకె. దాని పక్కన సారు పెన్సిల్‌తో పెట్టిన చిన్న ప్రశ్న గుర్తు.

"అమ్మా, ఆ రాళ్లు నేను తిన్న" అన్నాను.

"ఎర్కే. ఆ దినం వాన సగం పోరి కడుపులనే ఉన్నదని ఆయన నవ్వెటోడు."

ఏడుపు ఆగలేదు. అమ్మ నా వీపు మీద చెయ్యేసి కూర్చుంది. పెరట్లో మళ్లీ తుంపర మొదలైంది. గరాటు మీద టకటకమని చప్పుడు. ఈ ఏటి పుస్తకం తెరిచి, సారు పోయిన రోజు ఎదురుగా రాశాను, "చూడలేదు" అని. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.