గుండెకు అతికించిన కాలి నరం

చేవెళ్ల దగ్గర మాది గులాబీ తోట. నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగేకొద్దీ బొకేలకు గిరాకీ పెరిగి, టమాటా వేసుకునేవాళ్లు కూడా గులాబీకి మళ్లిన రోజులవి. సరిగ్గా అప్పుడే మా ఆయనకు బైపాస్ అయింది. కాలిలోంచి నరం తీసి గుండెకు అతికించారు. ఆ నరం కూడా కొన్నేళ్లకు పూడుకుపోవచ్చని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఏడాది గడిచాక ఆవిడే అడిగింది. నరం పాడవుతుంటే రక్తంలో ముందే గుర్తులు కనబడతాయేమో పరిశోధిస్తున్నామని, అప్పుడప్పుడు వచ్చి రక్తం ఇస్తారా అని. ఆయనకంటే ముందు నేనే తలూపాను. ముందే తెలిస్తే అంతకన్నా కావలసిందేముంది!

మొదటిసారి రక్తపరీక్షలోనే ఒక అంకె ఎక్కువ వచ్చింది. ఒంట్లో ఎక్కడో వాపు ఉందన్నారు. అయిపోయింది, నరం చెడిందనుకున్నాను. మెహదీపట్నంలో బస్సెక్కి మొయినాబాద్ వచ్చేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. "జర ఊకో, ఫికర్ చెయ్యకు. నాకేం గాదు" అంటాడే గానీ ఆయన, కుడిచేతిని తువ్వాలలోంచి బయటికి తియ్యడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే బయటపడింది. బొటనవేలు వంకాయలా ఉబ్బి ఉంది, దాని చుట్టూ పసుపు రాసిన గుడ్డ పీలిక.

"ఏందయ్యా ఇది?"

"గులాబి ముల్లు. లోపల్నే ఇరిగింది."

"తోటల అడుగు పెట్టొద్దని చెప్పలేదా నీకు?"

"కూలోళ్లు రాలే. మనం చెప్తే పూలు విచ్చుకోకుండ ఆగుతయా?"

ఒళ్లు మండిపోయింది నాకు. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే అన్నం కలిపి ముద్దలు పెట్టాను.

వేలు మానాక మళ్లీ వెళ్లాం. అంకె దిగింది. "అయితే నరం మంచిగున్నట్టే గదమ్మా?" అన్నాను సంబరంగా.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అబద్ధం చెప్పలేనమ్మా. రక్తం చూసి నరం సంగతి చెప్పడం మాకింకా రాదు. అది నేర్చుకోవడానికే ఇదంతా. రేపు ఇంకెవరికో పనికొస్తుంది. ఈయనకు అందుతుందో లేదో చెప్పలేను."

"మరి ఈయనకెందుకు ఈ సూదులు? లే, పోదాం పా" అని భుజం పట్టి లాగాను.

ఆయన కదల్లేదు. సూది కనబడితే చాలు, చెమటలు పట్టే మనిషి.

"నాకు ఎరుకే" అన్నాడు మెల్లగా. "మొదటినాడే అడిగి తెలుసుకున్న. నీకు చెప్తే రానియ్యవని చెప్పలే."

చొక్కా చెయ్యి మడిచాడు. మొహం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపాడు. ఇంత మొండి మనిషిని కట్టుకున్నందుకు ఆ రోజు గర్వపడ్డాను, ఏడుపూ ఆగలేదు. లోపల నరం ఎలా ఉందో తెలియకుండానే ఇద్దరం ఇంటికొచ్చాం.