ఆరిందా, అత్తయ్యగారూ?

రామమోహన్‌కి జీతం ఇచ్చేది గుడ్డలు తగలబెట్టినందుకు. కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో, సీటుగుడ్డకి నిప్పంటించి, అది ఎంత వేగంగా కాలుతుందో కొలిచి, ఫర్వాలేదనో పనికిరాదనో చెప్పడం అతని ఉద్యోగం. కాకినాడలో ఇంజనీరింగూ, డెట్రాయిట్‌లో ఎం.ఎస్సూ చదివి చివరికి గుడ్డలు కాలుస్తున్నాడని మిత్రుడు శ్యామ్‌సుందర్ ఏడిపించేవాడు. రామమోహన్‌కి అందులో నవ్వాల్సిందేమీ కనిపించేది కాదు. అతని దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాల వస్తువులు, తొందరగా కాలేవీ నిదానంగా కాలేవీ. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు కర్టెన్లు తడిమి చూసేవాడు. వ్రతంలో హారతి దగ్గరికొస్తే, కళ్లకద్దుకునే ముందు పురోహితుడి కండువా నూలుదో పాలియెస్టరో చూసుకునేవాడు.

అలాంటివాడి ఇంటికి, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌కి, అత్తగారు వచ్చింది. భర్త పోయాక కామేశ్వరమ్మగారికి ఉన్నది కూతురు జయంతి ఒక్కతే. అది 1981 చలికాలం. ఆవిడకిచ్చిన గది గరాజు మీదది. ఫర్నేసు వేడి ఇల్లంతా తిరిగి ఆ గదికి చేరేసరికి దారిలోనే అలసిపోయేది. ఆవిడ చలి అనలేదు. అల్లుడి ఇంట్లో చలిగా ఉందనడం ఆవిడ దృష్టిలో అల్లుణ్ణి అనడమే. పైగా అత్తా అల్లుళ్లు ముఖాముఖీ మాట్లాడుకోవడం వాళ్ల ఇంటా వంటా లేదు. కాఫీ కావాలా అన్న ముక్క కూడా జయంతి మీదుగానే వెళ్లేది, జయంతి మీదుగానే వచ్చేది.

చిక్కల్లా మడిచీర దగ్గర వచ్చింది. ఆవిడ మడి కట్టుకుంటే గాని పొయ్యి ముట్టుకోదు. వంటయ్యాక ఆ చీర తనే బాత్‌టబ్‌లో తడిపి, మర్నాటికోసం తన గదిలో ఆరేసుకునేది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. డ్రయ్యర్‌లో వెయ్యమని జయంతి అంటే, “అందులో మీ ఆయన ప్యాంట్లు తిరగలేదూ?” అంది. ఆ ప్రశ్నకి అమెరికాలో జవాబు లేదు. మిషిగన్ జనవరిలో నూలుచీర తెల్లారేసరికి ఆరదు కనక, ఆవిడ చెమ్మచీరే చుట్టుకుని వంట చేసేది. నెల సగం గడిచేసరికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వింటూంటే జయంతికి ముద్ద దిగేది కాదు.

“అమ్మ రూమ్‌కి ఒక హీటర్ కొందామండీ. ఇవాళే,” అంది.

శ్యామ్‌సుందర్ తన ఇంట్లో కిరసనాయిలు హీటరు పెట్టుకుని, “టాప్ క్లాస్ హీట్ బ్రదర్, కరెంట్‌తో పనే లేదు,” అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. అది కొరివితో తల గోక్కోవడమేనని రామమోహన్ అభిప్రాయం. కరెంటుదే కొనాలని షాపుకి వెళ్లాడు. ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూశాడు. వైరు మందం చూశాడు. ముందున్న ఊచల మధ్య చిటికెనవేలు దూరుతుందేమో చూశాడు. భద్రత పరీక్ష నెగ్గినట్టు వేసే యు.ఎల్. గుర్తు లేనివాటి జోలికే పోలేదు. ఆఖరికి ఒకదాన్ని ప్లగ్గులో పెట్టించి, కాయిలు ఎర్రబడ్డాక కాలితో తన్ని పడగొట్టాడు. షాపువాడు పరిగెత్తుకొచ్చాడు. హీటరు పడుతూనే దానంతటదే ఆగిపోయింది. రామమోహన్ “గుడ్,” అని దాన్ని నిలబెట్టి మళ్లీ తన్నాడు.

నిజానికి అతను మనసుపడ్డది ఇంకొకటి. లోపల నూనె నింపిన రేడియేటరు. దానికి కాయిలు బయటికి ఉండదు, ఎర్రబడేది లేదు, గుడ్డ తగిలినా చప్పున అంటుకోదు. కానీ బయల్దేరేముందు అత్తగారు తలుపు చాటునుంచి కూతురితో అననే అంది, “ఎర్రగా కనపడకపోతే అది కుంపటి ఎలా అవుతుందే?” పెద్దావిడ మాట తీసెయ్యడం మర్యాద కాదని కాయిలుదే కొన్నాడు. జాగ్రత్తపరుడు మర్యాదకి పోతే ఇలాగే ఉంటుంది.

హీటరు చుట్టూ కార్పెట్ మీద తెల్లటేపు అంటించి, ఆ గీత దాటి గుడ్డపేలిక కూడా రాకూడదన్నాడు. ఎక్స్‌టెన్షన్ కార్డు తగిలించకూడదన్నాడు. గదిలోంచి కదిలితే కుంపటి ఆర్పెయ్యాలన్నాడు. ఇదంతా జయంతికి చెప్పాడు, జయంతి వాళ్లమ్మకి చెప్పింది. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. పురాణం విన్నా ఆవిడ అలాగే ఊపుతుంది.

పగలు జయంతి హాస్పిటల్‌లో డ్యూటీకి వెళ్తే ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఆ ఆలోచనకి రామమోహన్‌కి ఆఫీసులో కాలు నిలిచేది కాదు. మధ్యాహ్నం తనే ఇంటికి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పెళ్లయినప్పటినుంచీ అత్తగారితో నేరుగా మాట్లాడటం అదే మొదలు. ఏం మాట్లాడాలో తెలీక సరాసరి విషయానికే వచ్చేవాడు.

“అత్తయ్యగారూ, ఆరిందా?”

“ఆరింది బాబూ.”

“మంచిదండీ. ఉంటాను.”

ఒక్కోరోజు ఆవిడ, “ఇంకా లేదు బాబూ, ఇంకాసేపట్లో ఆరుతుంది,” అనేది. కాయిలు చల్లబడటానికి టైము పడుతోంది కాబోలనుకుని కాసేపాగి మళ్లీ చేసేవాడు. ఆవిడ దగ్గు తగ్గింది. రామమోహన్‌కి నిద్ర పట్టింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం శ్యామ్‌సుందర్ ఇంట్లో భోజనాలు. అందరూ కూచున్నాక శ్యామ్‌సుందర్ భార్య శశికళ మొగుడి మీద పడింది.

“రామమోహన్ గారిని చూసి నేర్చుకోండి. అత్తగారి మడిచీర ఆరిందో లేదో అని డైలీ ఆఫీస్‌నుంచి ఫోన్ చేసి కనుక్కుంటారట! పిన్నిగారు చెప్పి మురిసిపోతున్నారు.”

పులిహోర ముద్ద రామమోహన్ నోటిదగ్గరే ఆగింది. “చీరా?” అన్నాడు.

అంతమంది నవ్వుతూ ఉంటే అతనొక్కడూ లెక్క కట్టుకుంటున్నాడు. ఆవిడ చెప్పింది చీర సంగతయితే, కుంపటి సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనేలేదు. ఇవాళ కూడా చీర తడిపే వచ్చి ఉంటుంది. పెరుగన్నం తినకుండా లేచి ఇద్దరినీ కారెక్కించాడు. స్టాప్ సైన్ దగ్గర ఆగలేదు. డ్రైవింగ్ నేర్చుకున్నాక అతను చేసిన మొదటి తప్పు అదే.

గదిలో కుర్చీ తెల్లగీత లోపలికి జరిగి ఉంది. దాని వీపుమీద మడిచీర పరిచి ఉంది. ఎదురుగా కాయిలు ఎర్రగా వెలుగుతోంది. చీర అంచు ఒకచోట గోధుమరంగుకి తిరిగింది. ఆ రంగు తర్వాత ఏమొస్తుందో చెప్పినందుకే అతనికి జీతమిస్తారు. చీర లాగేసి, ప్లగ్గు పీకేసి, ఆవిడ మంచం మీదే కూలబడ్డాడు. ల్యాబ్‌లో ఏనాడూ వెయ్యని భయం వేసింది. ఆవిడ పడుకునేది ఆ మంచం మీదే.

వెనకాలే వచ్చిన కామేశ్వరమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

“అయ్యో, మీ ఆయన మడిచీర ముట్టుకున్నారే!”

రామమోహన్ అరవడానికే నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడే కూతురితో, “పోనీలే, మళ్లీ తడుపుకుంటాను. ఆరిందో లేదో చూడబోయారు పాపం. మీ నాన్నగారు నా చీర తడిగా ఉందా పొడిగా ఉందా అని ఏనాడైనా అడిగారా? ఈ దేశంలో నన్ను రోజూ పలకరించే మనిషి ఈయనొక్కరే,” అంది.

రామమోహన్ తెరిచిన నోరు మూసుకున్నాడు. కాలిన గుడ్డని కాలలేదని ఏనాడూ అననివాడు, తలొంచుకుని, “హీటర్ చెడిపోయిందండీ. మారుస్తాను,” అన్నాడు.

ఆదివారం నూనె రేడియేటరు తెచ్చి పెట్టాడు. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. “ఎర్రబడదా?” అని కూతుర్ని అడిగింది. పడదంది జయంతి. గది మాత్రం వెచ్చబడింది.

సోమవారం మధ్యాహ్నం రామమోహన్ ఫోను పట్టుకుని ఆలోచించాడు. ఇప్పుడు అడగాల్సింది చీర సంగతి. అస్పష్టంగా అడిగితే ఏమవుతుందో చూశాడు కదా.

“అత్తయ్యగారూ, చీర ఆరిందా?”



“ఇవాళ చీర అన్నారేం?” అంది ఆవిడ. “ఇన్నాళ్లూ ఉత్తినే ఆరిందా అనేవారు.”

అతను ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

“కుంపటి గురించా అడిగేవారు?”

అబద్ధాన్ని మూడోరోజుకి మోయడం అతనికి చేతకాలేదు. “అవునండీ,” అన్నాడు. అని, ఎందుకన్నానా అని బాధపడ్డాడు. ఆవిడ ఫోను పెట్టేస్తుందనుకున్నాడు.

ఆవిడ పెట్టలేదు. లోపలికి వెళ్లి వచ్చిన అడుగుల చప్పుడు వినపడింది.

“కుంపటి ఆరింది. చీర ఇంకా ఆరలేదు,” అంది. “రేపు రెండూ అడగండి బాబూ.”