పెన్సిలు పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో మదనపల్లెలో ఎవరికి పెళ్ళీడు వచ్చినా ముందు మా మేనమామ ఫోటో స్టూడియోకి రావలసిందే, ఏ రంగులో వచ్చినా తెల్లగా బయటికి పోవలసిందే. ఆ తెల్లబరిచే పని నాది. నెగెటివ్‌లో ముఖం ఉన్నచోట సన్నగా పెన్సిలు రుద్దితే ప్రింటులో అక్కడ తెల్లగా వస్తుంది. ఊళ్ళో నన్ను 'సున్నమప్ప' అనేవాళ్ళు. (నేను దాన్ని బిరుదు అనుకున్నాను.)

తీరా నాకే సంబంధాలు చూడటం మొదలైంది. నా రంగు వర్ణించను. మా అమ్మ కూడా "మావోడు కొంచెం కాంతి తక్కువ" అని సరిపెట్టేది. నా నెగెటివ్ ముందేసుకుని, అంతవరకూ ఎవరికీ చెయ్యనంత శ్రద్ధగా పెన్సిలు అరగదీశాను. ఆ ఫోటో నచ్చి పుంగనూరు వాళ్ళు రమ్మన్నారు.

అమ్మ, నేను, తోడుగా మామ కొడుకు బస్సు దిగాం. వాడు పచ్చగా ఉంటాడు. అమ్మాయి నాన్న ఫోటో పట్టుకుని ఎదురొచ్చి, నన్ను దాటుకుని పోయి, వాడి చెయ్యి పట్టుకున్నాడు. "రాప్పా, పయానం బాగా జరిగిందా?" వాడు దొంగ, కాదనలేదు. ఇంటికి పోయాక వాడికి కుర్చీ వేసి, నాతో "ఆ పండ్ల సంచి ఈడ పెట్టప్పా" అన్నారు. అమ్మ ఉండబట్టలేక, "పెండ్లికొడుకు వీడన్నా!" అంది.

అమ్మాయి వాళ్ళ అవ్వ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "ముగం యెవురిదో గానీ, సేతులు మాత్రం ఈ పిల్లోడివే" అంది. అప్పుడు చూసుకున్నాను. ఫోటోలో ఒళ్ళో పెట్టుకున్న చేతులకు పెన్సిలు పెట్టడం మరిచిపోయాను!

కాఫీ తెచ్చిన అమ్మాయికి (నా రంగే, ఆమె ఫోటోలోనూ అదే రంగు) నవ్వు ఆగలేదు. ఆగాక నేరుగా నాతోనే అంది: "నేను ఫోటో సూసి సరే అన్న్యాను. ఆయన రాలేదు. మీరెవురో నాకు తెలీదు. మీ ఫోటో ఒకటి పంపించండి, సూసి సెప్తాను."

సిగ్గుతో చచ్చాను గానీ, చేసుకుంటే ఈ అమ్మాయినే అనిపించింది. మరునాడు పెన్సిలు లేకుండా ఫోటో తియ్యమంటే మామ తల పట్టుకున్నాడు. "లైట్లేస్తే నొసలు మెరుస్తాది, ఆర్పితే నువ్వే కనపడవు. యేం సేసేదప్పా?" ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఇన్నేళ్ళూ నల్లటి ముఖాన్ని దాచటం నేర్చుకున్నాం గానీ తియ్యటం నేర్చుకోలేదు. చివరికి కుర్చీ వాకిట్లోకి లాగి, నీడపట్టున, ఎదురు గోడ మీది ఎండ వెలుగులో తీశాడు. ప్రింటులో నా బుగ్గ మీద సొట్ట కనిపించింది. మొదటి ఫోటోలో దాన్ని మచ్చ అనుకుని పూడ్చేశాను!

ఆ ఫోటో పంపిన కొన్నాళ్ళకు అమ్మాయి నాన్నే వచ్చాడు. "మా పాపకు ఆ తెల్లాయన వద్దంట. ఈయనైతే సరేనంట."

పెళ్ళయ్యాక కుప్పంలో సొంత స్టూడియో పెట్టాను. "మీ రంగు మీకు ఉంచేదా?" అని అడిగితే "యాల? కొంచెం తెల్లంగానే తియ్యప్పా" అనేవాళ్ళే ఎక్కువ. రెండు రకాలూ తీసి చూపించేవాణ్ణి. వాకిట్లో తీసిందే ఇంటికి పట్టుకుపోయినవాళ్ళూ లేకపోలేదు.

ఇప్పుడు జుట్టు నెరిసింది. ముఖం తెల్లగా లేదని అంత తంటాలు పడినవాణ్ణి, తల నల్లగా లేదని అద్దం ముందు కూర్చుని రంగు పులుముకుంటున్నాను. మా ఆవిడకు నవ్వు ఆగదు. చెవి వెనక నాకు అందని చోట మాత్రం, బ్రష్షు తీసుకుని తనే పూస్తుంది.