టీగన్‌కి లేని జబ్బు

నోరీన్ ఫాలన్ ముందు నోరు తెరవని మనిషి లిండెల్ ఊళ్ళో అరుదు. పళ్ళ డాక్టరు దగ్గర గార గీకి పళ్ళు శుభ్రం చేసే పని ఆమెది. ఏళ్ళ తరబడి అదే కుర్చీ పక్కన, అదే దీపం కింద నిలబడింది. కుర్చీలో పడుకున్నవాళ్ళకి మాట్లాడే వీలుండదు కాబట్టి ఆ గది నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటే పొరపాటే. నోట్లోంచి గొట్టం తీసీ తియ్యగానే లిండెల్ తల్లులు అందుకుంటారు. పళ్ళ గురించి ఒక్క ముక్క అడగరు. ఎవరి పిల్ల ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టింది, ఎవరి కొడుక్కి ఎక్కడ కాదన్నారు, ఇదే పురాణం.

బోస్టన్‌కి పడమట ఉన్న ఈ ఊళ్ళో ఇల్లు కొనేవాళ్ళు ఇంటిని చూసి కొనరు, హైస్కూలుని చూసి కొంటారు. నోరీనూ అంతే. ఆమె పుట్టి పెరిగింది బ్రాక్టన్‌లో, మూతపడ్డ చెప్పుల ఫ్యాక్టరీ వెనక వీధిలో. రెండేళ్ళ కాలేజీ చదువుతో ఈ పనిలో చేరింది. మొగుడు డేల్ ఇళ్ళకి పైకప్పులు వేస్తాడు, చలికాలంలో ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని రైలు పట్టాల పక్కన, ఊళ్ళోకెల్లా చిన్న ఇల్లు కొన్నారు. "వంటింట్లోంచే రైలెక్కొచ్చు" అని డేల్ నవ్వేవాడు. నోరీన్ నవ్వేది కాదు. తన కూతురు మాత్రం ఇంకొకరి నోట్లో వేళ్ళు పెట్టి బతక్కూడదని ఆమె గట్టిగా అనుకుంది.

ఆ కూతురు టీగన్ నెమ్మది పిల్ల. చిన్నప్పుడు భోజనాల బల్ల మీద వెయ్యి ముక్కల పజిల్ పరుచుకుని కూర్చునేది. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే అలా చూస్తూనే ఉండేది. పెట్టిందంటే మాత్రం అది సరైన చోటే, మళ్ళీ తీసే పని లేదు. ఒక్క పజిల్ కూడా మధ్యలో వదిలిపెట్టలేదు. నిజాయితీలో తండ్రి పోలిక. ఒకసారి లెక్కల టీచరు కూడికలో పొరపడి మార్కులు ఎక్కువేస్తే, తనే వెళ్ళి చెప్పి తగ్గించుకుని వచ్చింది. ఆ రోజు నోరీన్ బయటికి మెచ్చుకుంది, లోపల ఉసూరుమంది. లోకంలో ఇలాగైతే ఈ పిల్ల నెగ్గుకొస్తుందా అని దిగులు పట్టుకుంది.

ఆ దిగులు పదకొండో తరగతిలో నిజమైంది. కాలేజీల కోసం రాసే పరీక్షకి ఇంట్లో గడియారం పెట్టుకుని అభ్యాసం చేసేవాళ్ళు టీగన్, ఆమె స్నేహితురాలు లూవానా బాటిస్టా. లూవానా వాళ్ళది వెనక వీధి. ఇద్దరిదీ ఒకటే తంతు. రాసినవన్నీ ఒప్పే, చివరి పేజీ మాత్రం ఖాళీ. గంట మోగేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. నోరీన్‌కి ఆ నవ్వు చూస్తే కడుపు మండేది.

సరిగ్గా అప్పుడే కార్లా ప్రూయిట్ కుర్చీలో పడుకుంది. ఆమె కొడుకు టీగన్ తరగతే.

"మావాడికి టైమున్నర ఇచ్చారు నోరీన్, అందరికీ గంటైతే వాడికి గంటన్నర. వేరే గదిలో కూర్చుని తీరిగ్గా రాస్తాడు."

"అయ్యో, ఏమైంది వాడికి?"

"ఏమవుతుంది, గుండ్రాయిలా ఉన్నాడు! ఏకాగ్రత కుదరని జబ్బని డాక్టరు చేత రాయించాం. లిండెల్లో సగంమంది పిల్లలకి ఉందిలే ఆ జబ్బు. నీకు తెలీదా? పాపం, నీ కూతురొక్కతే గడియారంతో కుస్తీ పడుతోందన్నమాట!"

నిజంగా ఆ జబ్బుతో అవస్థ పడే పిల్లలున్నారు. వాళ్ళ కోసం పెట్టిన వెసులుబాటు అది. ఇంట్లో పంచభక్ష్యాలున్నవాళ్ళు వెళ్ళి సత్రం బంతిలో కూర్చుంటే ఏమనాలి? ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అందరూ అదే బంతిలో ఉన్నారు. నలుగురితో పాటు నారాయణా అనుకుంది నోరీన్. అందరూ చేస్తున్న పని తను చెయ్యకపోతే పిల్లకి అన్యాయం చేసినట్టని ఆమెకి నిజంగానే అనిపించింది.

డేల్ మాత్రం ఆ మాట వినగానే చెంచా కింద పెట్టేశాడు.

"ఆ పిల్లకేం రోగం?"

"రోగం లేదు. టైం కోసం."

"లేని రోగం ఎలా రాయిస్తావే?"

"కార్లా వాళ్ళు రాయించలేదూ? పెద్దింటివాళ్ళు చేస్తే తెలివి, మనం చేస్తే తప్పా?"

"చూడు నోరీన్, రోడ్డు మీద మంచు నేను తోస్తున్నా చాలదూ? పిల్ల ముందు నువ్వు కూడా తోసుకుంటూ పోవాలా? అది నడవనీ."

"నడిస్తే మీ అమ్మాయి ఎక్కడికి చేరుతుందో నాకు తెలుసు. నా కుర్చీ పక్కకి."

డేల్ చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ మాటకి ఎదురు చెప్తే భార్య బతుకునే తక్కువ చేసినట్టవుతుందని ఊరుకున్నాడు. అక్కడ ఊరుకున్నందుకు తర్వాత అతనూ అనుభవించాడు.

అసలు చిక్కు టీగన్‌తోనే. సంగతి తెలిస్తే ఆ పిల్ల ఒప్పుకోదు, మార్కులు తగ్గించుకున్నట్టే వెళ్ళి చెప్పేసి వస్తుంది. అందుకని నోరీన్ కూతురికి చెప్పలేదు. లిండెల్లో కాగితం రాయించుకున్న మిగతా పిల్లలందరికీ అదొక నాటకమని తెలుసు, వాళ్ళలో వాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు కూడా. ఇంటిల్లిపాదీ ఆడే నాటకంలో టీగన్ ఒక్కదానికే అది నాటకమని తెలియకుండా పోయింది. కూతురి చేత అబద్ధం ఆడించకుండా తనే ఆడుతున్నానని, అది తల్లి ప్రేమేనని నోరీన్ సర్దిచెప్పుకుంది.

ఆ కాగితం రాసే డాక్టరు మంచివాడే, తొందర మనిషి. తల్లిని ప్రశ్నలడిగాడు. వస్తువులు పారేసుకుంటుందా? తరచుగా. చెప్పేది వినకుండా దిక్కులు చూస్తుందా? తరచుగా. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా? ఇక్కడ నోరీన్ ఒక్క క్షణం తడబడింది. కళ్ళ ముందు భోజనాల బల్ల కనిపించింది. "ఎప్పుడూ అంతే డాక్టర్" అంది. ఆ పైన టీగన్‌కి గడియారం పెట్టి పరీక్షలు చేశారు, నెమ్మది పిల్ల నెమ్మదిగానే చేసింది. ఇంకేం కావాలి? కాగితం చేతికొచ్చింది.

తిరిగొస్తుంటే కార్లో టీగన్ అడిగింది.

"అమ్మా, ఇది నాకు ఈమధ్యే వచ్చిందా?"

"లేదురా. చిన్నప్పటి నుంచీ ఉంది."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు బాధపడతావని."

టీగన్ కిటికీ వైపు తిరిగింది. "అందుకేనా నాకు అన్నీ లేటు?"

"అందుకే."

పిల్ల ఏడవలేదు. పైగా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది నోరీన్‌కి. గండం గడిచిందనుకుంది పిచ్చితల్లి.

వేరే గదిలో, టైమున్నరతో రాసిన పరీక్షలో టీగన్ చివరి పేజీ కూడా పూర్తిచేసింది. మెయిన్ రాష్ట్రంలో పేరున్న చిన్న కాలేజీ ఒకటి రమ్మంది. ఇక్కడి ఆచారం ప్రకారం నోరీన్ కారు వెనకద్దాన్ని తళతళలాడేలా తుడిచి, ఆ కాలేజీ పేరున్న స్టిక్కరు గీత తప్పకుండా అంటించింది. వీధి చివర ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా వెనక కారువాళ్ళు చదువుతున్నారో లేదో అద్దంలో చూసుకునేది.

ఆ వసంతంలోనే లూవానా పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చింది. ఆ పిల్ల కూడా అదే కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. చూద్దాం, ఆగమన్నారు, చివరికి లేదన్నారు. ఊరికి దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీలో చేరబోతోంది. నోరు తెరిచి పడుకునే ఉంది, కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. నోరీన్ గుడ్డతో తుడిచి గొట్టం తీసింది.

"నొప్పెట్టిందా తల్లీ?"

"లేదాంటీ. చివర్లో ఐదు ప్రశ్నలు వదిలేశా, అవే గుర్తొస్తున్నాయి. టీగన్ అదృష్టవంతురాలు." అంతలోనే నాలిక్కరుచుకుంది. "అయ్యో, అదృష్టం అంటున్నానేంటి! అంత జబ్బుతో తను అంత కష్టపడి రాసింది. సారీ ఆంటీ, నేను మరీ నీచంగా మాట్లాడుతున్నా."

నోరీన్ మళ్ళీ దీపం సర్ది, ఆ పిల్ల పళ్ళన్నీ ఎంతో జాగ్రత్తగా, మామూలుకన్నా ఎక్కువసేపు శుభ్రం చేసి పంపింది. అంతకుమించి ఏం చెయ్యగలదు? చెయ్యగలిగింది ఒకటుంది, అది చెయ్యలేదు.

కాలేజీలో మొదటి జీవశాస్త్రం పరీక్షకే టీగన్‌కి తక్కువ మార్కులొచ్చాయి. అక్కడ అందరికీ తొలి పరీక్షలో అలాగే వస్తాయి. పడతారు, లేస్తారు, ఇంకాస్త చదువుతారు. టీగన్ అలా అనుకోలేదు. తన తలలో లోపముంది కదా, చదివి ఏం లాభం అనుకుంది. లిండెల్ డాక్టరు కాగితం పట్టుకుని కాలేజీ ఆసుపత్రికి వెళ్ళింది.

"అమ్మా, మాత్రలు మొదలెట్టారు. ఆకలెయ్యట్లేదు, నిద్ర రావట్లేదు. వేసుకోనా, మాననా?"

ఆ ఫోను నోరీన్ పనిలో ఉండగా వచ్చింది. చేతికి తొడుగులు, అవతల కుర్చీలో మనిషి. ఆ క్షణాన చెప్పి ఉంటే సరిపోయేది. చెప్తే కాలేజీ ఏమంటుందో, సీటు ఉంచుతారో తీసేస్తారో అని భయం. "డాక్టరు చెప్పినట్టు చెయ్యమ్మా" అంది. అన్నాక తొడుగులు తీసేసి, కుర్చీలో మనిషిని కాసేపు ఆగమని బయటికెళ్ళి నిలబడింది.

మాత్ర మోతాదు పెరిగింది. నిద్రపట్టడానికి ఇంకో మాత్ర తోడైంది. రెండో ఏడు మూడు సబ్జెక్టులు తప్పి, క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చిన టీగన్ తిరిగి వెళ్ళనంది. బుగ్గలు లోపలికి పోయాయి. గదిలో తెర వేసుకుని పడుకునేది, పిలిస్తే వచ్చి తిని మళ్ళీ వెళ్ళిపోయేది. డేల్ పిల్ల గది ముందు నుంచి చప్పుడు కాకుండా నడవడం అలవాటు చేసుకున్నాడు.

నోరీన్ ఒక పజిల్ కొనుక్కొచ్చింది. సముద్రం ఒడ్డున దీపస్తంభం బొమ్మ, వెయ్యి ముక్కలు. ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద పెట్టి కూతుర్ని పిలిచింది. బయట మంచు కురుస్తోంది, డేల్ బండి మీద వెళ్ళాడు.

టీగన్ పెట్టె మూత కూడా తియ్యలేదు. "వెయ్యి ముక్కలా? నాకు ఏకాగ్రత లేదు కదమ్మా. మర్చిపోయావా?"

నోరీన్‌కి ఇక ఓపిక లేకపోయింది. "నీకేమీ లేదు టీగన్."

"అంటే?"

"ఆ జబ్బు లేదు నీకు. ఎప్పుడూ లేదు. డాక్టరు అడిగినవాటికి నేనే కల్పించి చెప్పాను. పరీక్షలో టైం కోసం."

టీగన్ జాలిగా నవ్వింది. "కాలేజీలో కౌన్సెలర్ చెప్పిందిలే, ఇంట్లోవాళ్ళు ఒక్కోసారి ఒప్పుకోరని. నన్ను ఓదార్చడానికి ఇలాంటివి చెప్పకమ్మా."

"ఒట్టు. కావాలంటే మీ నాన్నని అడుగు."

డేల్ అప్పుడే వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. కూతురు అతని వంక చూసింది. అతను తలెత్తలేదు. విప్పిన తాడునే మళ్ళీ విప్పుతూ ఉండిపోయాడు.

టీగన్ నవ్వు పోయింది. "లూవానాకిచ్చిన టైమే నాకూ ఇచ్చి ఉంటే, ఎక్కడుండేదాన్నమ్మా?"

"లూవానా పక్కనే ఉండేదానివి." నోరీన్ పజిల్ పెట్టె పక్కకి జరిపింది. "బాగుండేదానివి. తప్పు నాది టీగన్, మొత్తం నాదే."

"నీదైతే నాకేం ఒరిగింది? జబ్బుందంటే, సరే, నా చేతిలో లేదనుకున్నా. ఇప్పుడు జబ్బూ లేదంటున్నావు. మరి ఆ మూడు సబ్జెక్టులూ తప్పిందెవరు? ఏ రోగం లేకుండానే ఇలా తయారయ్యానా నేను?"

తండ్రి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

టీగన్ లేచి గూట్లోంచి మాత్రల సీసా తీసి, ఒకటి అరచేతిలో వేసుకుని, కుళాయి నీళ్ళతో మింగింది. సీసా ఆడించి చూసింది.

"అయిపోవచ్చాయి. రేపు పని నుంచి వచ్చేటప్పుడు తీసుకురా."

"అవి నీకొద్దమ్మా. డాక్టరు దగ్గరికి పోదాం, నేనే అంతా చెప్తా..."

"తీసుకురా అమ్మా." గొంతు పెంచలేదు. "ఈ జబ్బు నాకిచ్చింది నువ్వే. నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా లాక్కోకు."

మర్నాడు సాయంత్రం నోరీన్ మందుల షాపులో నిలబడింది. కౌంటరు వెనక కొత్తగా చేరిన అమ్మాయి. ఆ మాత్రలకి గుర్తింపు కార్డు చూపించాలి. కార్డు చూసి, పేరు సరిపోల్చి, మంచి మనసుతోనే అడిగింది.

"మీ అమ్మాయికా అండీ? మా తమ్ముడికీ ఇవే. చాలా కష్టపడతాడు పాపం. మీ పాపకి ఎప్పట్నుంచి?"

ఎంతమంది చేత నోళ్ళు తెరిపించిందో నోరీన్, ఇప్పుడు తన నోరు పెగల్లేదు. వెనక మనిషి దగ్గాడు. ఆమె సంతకం పెట్టి, కాగితపు సంచీ అందుకుంది.

"చిన్నప్పటి నుంచీ ఉందమ్మా" అంది.